పదకొండో చొక్కా

వన్‌టౌన్‌లో తెల్లచొక్కా వేసుకోవడమంటే
పోర్టుతో పందెం కాయడమే.
పొద్దున ఆరేసిన బట్ట మీద
మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు, బొగ్గుపొడిలో.
అయినా ఎర్రయ్యగారు తెల్లవే వేసేవాడు.
"ఈ మసి అగుపడాలి కదమ్మా" అనేవాడు
నా చేతిలోంచి మూట అందుకుంటూ.
కౌన్సిల్లో లేచి నిలబడి, కాలరు మడత విప్పి
చూపించేవాడట కమిషనరుకి, మేయరుకి,
నవ్వే ఎదుటి బెంచీలకి.

వారానికి పదకొండు చొక్కాలు.
గంజి తక్కువ. జేబు కింద సిరా మరక ఉంటే
అది లోపలికి పోయేలా మడత.
ఆయన ఒళ్లు మా నాన్నకి తెలుసు,
ఎన్నికల ముందు చిక్కేవాడు,
తర్వాత బొత్తాల దగ్గర బిగిసేవాడు.

ఆ బుధవారం బండి దగ్గరికి ఆయనే వచ్చాడు,
బనీను మీద తువ్వాలు కప్పుకుని.
"బేగి, నూకయ్యా. పది గంటలకి గేటు కాడ ధర్నా."
నేను ఎదురు కొట్లో పాలపేకెట్టు కొంటున్నాను.
చిల్లర లెక్క పెట్టుకుంటున్నాను.
నాకు ఖాయంగా తెలిసింది ఆ చిల్లర ఒక్కటే:
రెండు రూపాయలు తక్కువ.
తలెత్తేసరికి మోటారుసైకిలు మలుపు తిరిగిపోయింది.
తువ్వాలు ఒకచోట. చెప్పు ఒకచోట.
బండి దగ్గర్నించి మాడు వాసన.

తర్వాత అన్నీ జరిగాయి.
కేజీహెచ్ మార్చురీ ముందు జనం, జనం ముందు కెమెరాలు.
పూర్ణా మార్కెట్ రెండు రోజులు మూత.
చంపించారని అందరూ చెప్పుకునే మనిషి
అందరికన్నా పెద్ద దండ తెచ్చాడు.
ఉప ఎన్నికలో ఆయన తమ్ముడి కొడుకు గెలిచాడు,
ఏడాది తిరక్కుండా కండువా రంగు మార్చాడు.
గేటు కాడ ధర్నా
ఆ పది గంటలు ఇప్పటికీ కాలేదు.

ఓ రాత్రి ఇద్దరు వచ్చారు మా ఇంటికి.
ఒకే ఒక్క ప్యాంటు, ఐదొందల నోటు.
చిల్లర వద్దన్నారు.
"అమ్మాయిది ఏ కాలేజీ?" అని మాత్రం అడిగారు,
మర్యాదగా.

కోర్టులో నాన్న చొక్కా నలిగి ఉంది.
ఊరందరివీ ఇస్త్రీ చేసే మనిషి
ఆ రోజు తనది మర్చిపోయాడు.
"తల దించుకుని పని సేసుకునేటోణ్ణి బాబూ,
బట్ట తప్ప ఇంకోటి అగుపడదు."
సాక్షి అడ్డం తిరిగాడని రాసుకున్నారు.
మా నాన్న ఎవరికీ, ఎప్పుడూ, దేనికీ
అడ్డం తిరిగిన మనిషి కాదు.
బయటికొచ్చి టీ తాగాడు. నాకూ ఇప్పించాడు.
బస్సులో ఎన్‌ఏడీ దాకా కిటికీ వైపే చూశాడు,
మేం దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటిపోయింది.

మొన్న పోలమ్మగారు వచ్చింది.
"పదకొండు యేసేను నూకయ్యా, పది వొచ్చేయి."
మూడేళ్ల తర్వాత వచ్చి, నిన్నటి మూట గురించి అడిగినట్టు.
నాన్న కదల్లేదు.
ట్రంకు పెట్టె అడుగున, పేపర్లో చుట్టి ఉన్నదాన్ని
నేనే తెచ్చి ఇచ్చాను.

విప్పింది.
ఎడమ రొమ్ము మీద ఇస్త్రీపెట్టె అచ్చు,
ముక్కు పైకెత్తిన తెప్పలా, గోధుమరంగు అంచు, నడుమ కన్నం.
ముప్ఫై ఏళ్లలో ఒక్క గుడ్డ మాడ్చని చెయ్యి.
ఆవిడ ఆ కన్నంలో వేలు పెట్టి
చుట్టూ నెమ్మదిగా తిప్పింది,
లాయర్లెవరికీ తట్టని కొలత తీస్తున్నట్టు.

"ఎంతసేపు సూసేవు?" అంది.

నాన్న వంగి నిప్పులు ఊదుతున్నాడు.
బూడిద లేచి ఆయన కనురెప్పల మీద వాలింది.
ఊదుతూనే ఉన్నాడు,
అప్పటికే ఎర్రగా ఉన్న నిప్పుల్ని.